ఇరవై అప్లికేషన్లు వేస్తే వైన్స్ వచ్చినట్టేనా?

ఖమ్మం జిల్లాలో, ఆంధ్రా సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక ఊరి నుంచి ఒక పాఠకురాలు రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 38. ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్. భర్తకు ఎరువుల దుకాణం, ఇద్దరు ఆడపిల్లలు. ఉత్తరం పెద్దదే, ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

"మావారు చుక్క ముట్టరు, పేకాట ఎలా ఆడతారో కూడా తెలియదు. అందుకే లాటరీ తీసి మద్యం షాపుల లైసెన్సులిచ్చే వైన్స్ టెండర్‌ను నేను జూదం అంటే ఆయనకు కోపం వస్తుంది. 2023లో అయిదుగురు స్నేహితులు కలిసి 5 అప్లికేషన్లు వేశారు. మా వాటా 2 లక్షలు, దాచుకున్న డబ్బే. ఏదీ తగల్లేదు. 2025లో ఆరుగురు కలిసి 8 వేశారు. ఒక్కో అప్లికేషన్ ఫీజు 3 లక్షలకు పెంచారు కాబట్టి మా వాటా 4 లక్షలైంది. అది నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. నా నక్షత్రం బాగుందని ఒక అప్లికేషన్ నా పేరు మీద వేశారు. అదీ రాలేదు. అప్పటి నుంచి మా అత్తగారు 'కోడలి పేరు అచ్చిరాలేదు' అని వచ్చిన వాళ్లందరికీ చెబుతున్నారు.

ఇప్పుడు జగ్గయ్యపేటలో ఉన్న మా తమ్ముడు ఫోన్ చేశాడు. ఆంధ్రాలో మళ్లీ నోటిఫికేషన్ పడితే ఎనిమిది మంది కలిసి 20 అప్లికేషన్లు వేద్దామంటున్నాడు. మావారు దుకాణం బిల్లు బుక్కు వెనక లెక్క రాసి చూపించారు: 'పోయినసారి అక్కడ షాపుకు సగటున 26 అప్లికేషన్లు పడ్డాయి. మనవి 20. ఇరవై బై ఇరవై ఆరు, అంటే 77 శాతం. పైగా రెండుసార్లు పోయింది, మూడోసారి తగలకుండా ఎక్కడికి పోతుంది?' నా బంగారం తాకట్టు పెట్టాలట. సరిపోకపోతే పుట్టింటి వాళ్లు నాకు రాసిచ్చిన ప్లాటు కాగితాలు ఉన్నాయి కదా అంటున్నారు. 'నీకు లెక్కలు రావు, ఊరుకో' అనేది ఎప్పుడూ ఉన్నదే. ఆయన లెక్క నిజమేనా? నా పేరుకు నిజంగా ఏదైనా దోషం ఉందా? చెప్పేది సొంత తమ్ముడు కాబట్టి వద్దని ఎలా అనాలి?"

అమ్మా, ముందు లెక్క చూద్దాం. మీరు తెలుగు టీచర్ కావడం దీనికేమీ అడ్డు కాదు. ఒక షాపుకు ఎన్ని అప్లికేషన్లు పడితే అన్ని నంబర్ల టోకెన్లు డబ్బాలో వేసి, అందరి ముందూ కలిపి, అధికారి ఒకటి పైకి తీస్తారు. ఆ డబ్బాలో మీవి ఎన్నో పైన రాయండి, మొత్తం ఎన్నో కింద రాయండి. పదో తరగతి సంభావ్యత పాఠంలో సంచిలోంచి ఎర్ర బంతి తీసే లెక్క ఇదే. అక్కడ బంతికి డబ్బు కట్టనక్కర్లేదు, అదొక్కటే తేడా.

మీవారు చెప్పిన 26 గాలిలోంచి వచ్చింది కాదు. 2024 అక్టోబరు 14న ఆంధ్రప్రదేశ్‌లో 3,396 షాపులకు డ్రా తీశారు, వచ్చిన అప్లికేషన్లు 89,882. భాగిస్తే షాపుకు 26కు పైచిలుకు. తెలంగాణలో షాపులు 2,620. 2023లో అప్లికేషన్లు 1.31 లక్షలు దాటాయి, అంటే షాపుకు 50. 2025లో ఫీజు పెరిగాక 95,137కు తగ్గాయి, షాపుకు 36. మీవారు అంకెలు సరిగ్గానే పట్టుకున్నారు. చిక్కు వాటిని కలిపిన తీరులో ఉంది.

20 అప్లికేషన్లు 20 వేర్వేరు షాపులకు వేశారనుకుందాం. ఒక్కో డబ్బాలో 26 టోకెన్లు, అందులో మీది ఒకటి. ఒక్కో డ్రాలో మీ అవకాశం 26లో ఒకటి, నాలుగు శాతం కూడా లేదు. ఇరవై డ్రాలకు ఇరవై సార్లు కూడితే 77 శాతం వచ్చింది. ఇలా కూడడం తప్పని ఆయనకు చూపించడానికి ఒక్క ప్రశ్న చాలు: "మరి 30 వేస్తే?" అదే పద్ధతిలో 115 శాతం వస్తుంది. నూటికి నూట పదిహేను సార్లు జరిగేది ఈ లోకంలో ఏదీ లేదు.

సరైన దారి తిరగేసి వెళ్లడం. ఒక డ్రాలో మీది రాకుండా పోయే అవకాశం 26లో 25. ఇరవై డ్రాలలోనూ రాకుండా పోవాలంటే 25/26ను ఇరవై సార్లు గుణించాలి. సెల్‌ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి మీరే గుణించండి, సుమారు 0.456 వస్తుంది. అంటే ఇలాంటి డ్రాలు వంద చోట్ల జరిగితే 46 చోట్ల ఒక్క షాపూ రాదు. 36 చోట్ల సరిగ్గా ఒకటి వస్తుంది. మిగతా 18 చోట్ల రెండు గానీ అంతకు మించి గానీ వస్తాయి. కనీసం ఒకటి వచ్చే అవకాశం 54 శాతం. సగానికి కాస్త ఎక్కువే, ఆ మాట మీ దగ్గర దాచను.

అయితే ఆ 77 పూర్తిగా పనికిరానిదేమీ కాదు. అది వేరే ప్రశ్నకు జవాబు. 20 అప్లికేషన్లకు సగటున 0.77 షాపు వస్తుందని దాని అర్థం. కొన్నిసార్లు రెండు, కొన్నిసార్లు ఒకటి, చాలాసార్లు సున్నా, అన్నీ కలిపి సగటు చూస్తే ముప్పావు షాపు. ఆ సగటును ఆయన 'వచ్చే అవకాశం' అనుకున్నారు. చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడ బోల్తా పడతారు, కాబట్టి ఆయన్ని ఎగతాళి చేయకండి.

"అలా చెదరగొట్టకుండా ఒకే మంచి షాపు మీద 20 వేద్దాం" అని మీ తమ్ముడు అనవచ్చు. అప్పుడు డబ్బాలో ఇతరులవి 26 ఉంటే, మీ 20 కలిపితే 46 అవుతాయి. మీరు వేసిన ప్రతి టోకెనూ పైన ఉన్న అంకెనే కాదు, కింద ఉన్నదాన్ని కూడా పెంచుతుంది. 46లో 20 అంటే 43 శాతం.

ఇంకోటి, 26 అనేది సగటు. బాగా నడిచే షాపుకు సగటు పోటీ ఉండదు, మీ తమ్ముడికి నచ్చిన షాపే ఇంకో అరవై మందికీ నచ్చుతుంది. ఒక్కో డబ్బాలో 60 టోకెన్లు ఉన్న షాపులకు ఒక్కోదానికి ఒకటి చొప్పున 20 వేస్తే, కనీసం ఒకటి తగిలే అవకాశం 28 శాతానికి పడిపోతుంది. పోటీ లేని షాపులు వెతుక్కుందామంటే, వాటికి పోటీ ఎందుకు లేదో కూడా అడగాలి. చివరి రోజు వరకు ఆగి, తక్కువ పడిన చోట వేయడం అందరికీ తెలిసిన చిట్కానే. అందుకే చివరి రోజే గుంపు పడుతుంది. పైగా తెలంగాణలో 2025 గడువును అక్టోబరు 18 నుంచి 23కి పొడిగించారు. 18న డబ్బు కట్టేసిన వాళ్లు లెక్కేసుకున్న పోటీ 23 నాటికి అదే ఉండదు కదా. మీ డబ్బు వెళ్లిపోయిన తర్వాత కూడా మీ భిన్నంలో కింది అంకె పెరుగుతూ పోవచ్చు.

రెండుసార్లు పోయింది కాబట్టి మూడోసారి వస్తుందన్న మాట దగ్గరికి వద్దాం. ఇది ఎక్కడి నుంచి పుడుతుందో నాకు అర్థమవుతుంది. మన వీధుల్లో నెలనెలా పేర్లు తీసే చీటీ ఉంటుంది. ఇరవై మంది ఉన్న చీటీలో పన్నెండు నెలలు గడిస్తే, పేరు రాని వాళ్లు ఎనిమిది మందే మిగులుతారు. పదమూడో నెల మీ అవకాశం ఎనిమిదిలో ఒకటి, ఆగినకొద్దీ పెరుగుతుంది. ఎందుకంటే తీసిన పేరు మళ్లీ డబ్బాలోకి వెళ్లదు. వైన్స్ డ్రా అలా కాదు. 2023లో గెలిచినవాళ్లు 2025లో మళ్లీ వేసుకోవచ్చు, కొత్తవాళ్లు వస్తారు, డబ్బా మొదటి నుంచి నిండుతుంది. మీరు ఎన్నిసార్లు ఓడారో ఆ టోకెన్లకు తెలియదు. తెలంగాణ 2025 సగటు ప్రకారం రెండేళ్లకోసారి ఒక్క అప్లికేషన్ వేసే మనిషికి, ఒక్కసారైనా తగిలే అవకాశం సగం దాటడానికి 25 డ్రాలు పడతాయి. అంటే యాభై ఏళ్లు.

మీ పేరు సంగతి. 2025లో మీవాళ్లు వేసినవి ఎనిమిది. సగటు పోటీ లెక్కన ఆ ఎనిమిదిలో ఒక్కటీ రాకపోయే అవకాశమే 80 శాతం. ఏమీ రాలేదు అంటే, ఎక్కువగా జరిగేదే జరిగిందన్నమాట. దానికి కారణం వెతకనక్కర్లేదు. మీ అత్తగారితో వాదన పెట్టుకోమని చెప్పను, కానీ ఈసారి ఎవరి ముందైనా ఆ మాట అంటే నవ్వుతూ అడగండి: "నా పేరు మీద వేసింది ఒకటి పోయింది, మరి మిగతా ఏడూ ఎవరి జాతకం వల్ల పోయాయి అత్తయ్యా?" అన్నట్టు, 2023లో మీ పేరు ఎక్కడా లేదు. అప్పుడు అయిదుకు అయిదూ పోయాయి.

ఇక అసలు విషయం. మీ ఇంట్లో అందరూ వస్తుందా రాదా అన్నదాని గురించే మాట్లాడుతున్నారు. వస్తే ఎంత, రాకపోతే ఏమిటి అన్నది ఆ బిల్లు బుక్కు వెనక లేదు. నాకు భయం వేసింది అక్కడే.

ఆంధ్రాలో 2024 నాటి ఫీజు 2 లక్షలే ఉంటుందనుకున్నా, 20 అప్లికేషన్లకు 40 లక్షలు, మీ వాటా 5 లక్షలు. తిరిగి రాని డబ్బు అది. తెలంగాణలో 2 నుంచి 3 చేసినట్టు అక్కడా పెంచితే మీ వాటా ఏడున్నర లక్షలు. సగటున 0.77 షాపుకు 40 లక్షలంటే, ఒక షాపు దక్కించుకోవడానికే 52 లక్షలు పెట్టినట్టు. కాబట్టి ఒక షాపు రెండేళ్లలో లైసెన్స్ ఫీజు, అద్దె, జీతాలు, సరుకు డబ్బు మీద వడ్డీ, అన్నీ పోను 52 లక్షలకు మించి మిగిల్చితేనే ఈ పందెం గిట్టుబాటు. షాపు వచ్చినా అందులో మీది ఎనిమిదో వంతు. ఆ షాపు సరిగ్గా 52 లక్షలు మిగిల్చినా మీ చేతికి రెండేళ్లలో ఆరున్నర లక్షలు వస్తాయి, అందులో 5 లక్షలు మీరు కట్టినవే. ఇప్పుడు షాపు నడుపుతున్న ఇద్దరు ముగ్గురిని మీవారే వెళ్లి అడగాలి: "నిజంగా ఎంత మిగులుతోంది?" ఎరువుల వ్యాపారం చేసే మనిషికి మార్జిన్ లెక్క మీరో నేనో నేర్పనక్కర్లేదు.

డ్రా తగిలితే ఖర్చు అయిపోదు, మొదలవుతుంది. 2024లో అక్కడ ఏడాది లైసెన్స్ ఫీజు ఊరి జనాభాను బట్టి 50 లక్షల నుంచి 85 లక్షల దాకా ఉంది. తెలంగాణలో 50 లక్షల నుంచి కోటీ పది లక్షల దాకా. వాయిదాల్లో కట్టుకోవచ్చు కానీ మొదటి వాయిదా వెంటనే కట్టాలి. అప్లికేషన్ వాటాకే మీ బంగారం తాకట్టుకు వెళ్తే, ఆ మొదటి వాయిదాకు ఏం తాకట్టు పెడతారు? ఆ జవాబే మీ ప్లాటు అని నాకు అనుమానం. ఇందాకటి 18 శాతం గుర్తుందా? రెండు షాపులు వస్తే ఆనందంతో పాటు రెండు మొదటి వాయిదాలు కూడా వస్తాయి.

మద్యం వ్యాపారం మంచిదా చెడ్డదా అని నేను ఇక్కడ చర్చ పెట్టడం లేదు. మీరు అడగలేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మొదటిది, అసలు వద్దు అనడం. బంగారం, ప్లాటు రెండూ మీ స్త్రీధనం. వాటి మీద మీకు పూర్తి హక్కు ఉంది, మీ సంతకం లేకుండా ప్లాటు ఎక్కడికీ కదలదు. ఈ దారిలో డబ్బు పోదు. కానీ ఆ గుంపుకు ఒక షాపు తగిలితే (సగానికి పైగా అవకాశం ఉందని పైనే అనుకున్నాం) "నీ వల్లే పోయింది" అన్న మాట రెండేళ్లపాటు వినాలి. ఇప్పటికే అచ్చిరాని పేరు అని అనిపించుకున్న మీకు అది చిన్న విషయం కాదు. వినగలనని మీకు అనిపిస్తేనే ఈ దారి.

రెండోది, హద్దు పెట్టి ఒప్పుకోవడం. దుకాణంలో చేతిలో ఉన్న డబ్బులోంచి, పోయినా ఇల్లు కదలనంత వరకే. లక్షో, లక్షన్నరో. వాటా చిన్నదైతే లాభమూ చిన్నదే, ఆయనకు అది చిన్నతనంగా అనిపించవచ్చు. అయినా ఆయన మనసు చంపినట్టు ఉండదు, మీ పెట్టె తాళం మీ దగ్గరే ఉంటుంది. దీనిలో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, గుంపులో అందరూ అయిదేసి లక్షలు వేస్తుంటే మీవారు ఒక్కరే తక్కువ వేస్తారా అన్నది. హద్దు ఎంతో మాట ఇవ్వడానికి ముందే తేల్చుకోండి. నోటిఫికేషన్ పడి ఫోన్లు మోగడం మొదలయ్యాక ఏ హద్దూ నిలవదు.

మూడోది, ముందు పాత అప్పు. 4 లక్షలకు నూటికి రెండు చొప్పున నెలకు 8,000, ఏడాదికి 96,000. మొత్తం ఉత్తరంలో అవకాశం నూటికి నూరు శాతం ఉన్నది ఈ ఒక్క అంకెకే. ప్రతి నెలా తప్పకుండా పోతుంది. మీ బంగారం తాకట్టు పెట్టక తప్పదనుకుంటే, బ్యాంకులో పెట్టి ఈ ప్రైవేటు అప్పు తీర్చేయడం గురించి ఆలోచించండి. బ్యాంకు గోల్డ్ లోన్ వడ్డీ మామూలుగా నూటికి రూపాయి లోపే ఉంటుంది. అప్పు తీరే దాకా కొత్త అప్లికేషన్ లేదు అన్న షరతు ఆయన ఒప్పుకుంటే, ఈ డ్రా దాటిపోవచ్చు. నన్నడిగితే నా మొగ్గు దీనివైపే. కానీ ఆయనకు ఇది శిక్షలా అనిపించే ప్రమాదం ఉంది, పైగా బంగారం ఇంట్లోంచి బయటికి వెళ్లేది ఈ దారిలోనూ నిజమే. అది మీకు ఎంత బరువో నాకు తెలియదు.

తమ్ముడి విషయంలో మీరు ఒక ముడి వేసుకున్నారు: వాడికి వద్దంటే వాడిని నమ్మనట్టు అవుతుందని. అడగాల్సింది నమ్మకం గురించి కాదు. ఫోన్ చేసి మామూలుగా అడగండి. "ఒరేయ్, నువ్వు ఎంత వేస్తున్నావు? అప్పు తెచ్చి వేస్తున్నావా, ఉన్నదాంట్లోంచా? షాపు వస్తే లైసెన్స్ ఎవరి పేరు మీద? మిగతా ఏడుగురికి కాగితం ఏముంటుంది?" లైసెన్స్ ఒకరి పేరు మీదే ఉంటుంది, మిగతావాళ్ల వాటా చాలాచోట్ల నోటిమాటే. డ్రా తగిలాక గుంపులు విడిపోయిన ఊళ్లు మీ చుట్టుపక్కలే ఉంటాయి, మీవారికి మీకంటే బాగా తెలుసు. ఎనిమిది మందీ వాటాలు, వాయిదాలు, ఎవరు తప్పుకుంటే ఏమిటన్నది రాసుకుని సంతకాలు పెట్టడానికి మీ తమ్ముడు వెనకాడితే, అదే మీవారి ముందు స్పీకర్ పెట్టి వినిపించండి. మీరు వద్దనాల్సిన పని ఉండకపోవచ్చు. వాడు సరేనంటే, కనీసం మీరు ఏ కాగితం మీద నిలబడుతున్నారో తెలుస్తుంది.

మీవారితో మాట్లాడేటప్పుడు ఆ బిల్లు బుక్కు తెమ్మనండి. ఆయన రాసిన 77 పక్కనే 54, 46 రాయించండి, కింద 5 లక్షలు, నెలకు 8,000 రాయించండి. క్యాలిక్యులేటర్ ఆయన చేతిలోనే ఉండనివ్వండి. "నీకు లెక్కలు రావు" అని మళ్లీ అంటే, 30 అప్లికేషన్ల ప్రశ్న మీ దగ్గర ఉంది.

చివరగా, మీ పేరు అచ్చిరాలేదని అత్తగారు అంటున్నారు కాబట్టి ఈసారి మీ పేరు మీద వేయరేమో. వేయకపోతే సంతోషించండి, బాధపడకండి. మీ పేరు మీద వేసిన అప్లికేషన్ తగిలితే లైసెన్స్ మీది, వాయిదాల బాధ్యత మీది, రేపు ఆదాయపు పన్ను వాళ్లు అడిగితే జవాబు చెప్పాల్సిందీ మీరే. స్కూల్లో ఉద్యోగం చేసుకుంటున్న మనిషికి అదంతా ఎందుకో ముందు వాళ్లని చెప్పమనండి, ఆ తర్వాతే సంతకం పెట్టండి. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరు అడిగినా పెట్టకండి, తమ్ముడు అడిగినా సరే.